మామగారి బిల్లు

పెట్టె మూత తీయగానే కలరా ఉండల వాసన కొట్టింది. స్విట్జర్లాండులో తయారైన వాచీ, దాని కింద మెత్తటి దిండు, అట్టడుగున చిన్న పుస్తకం, ఒక ప్లాస్టిక్ కార్డు. అన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. వాసన మాత్రం పట్టుచీరల బీరువాది. 2019లో, దసరా వెళ్లిన తర్వాత, గచ్చిబౌలిలో ఒక కాఫీ షాపు. అమ్మే అబ్బాయికి ముప్ఫై దాటి ఉంటాయి. సాఫ్ట్‌వేర్. అతని ముఖం ఇప్పుడు సరిగా గుర్తు రావడం లేదు గానీ, చేతికున్న నల్లటి స్మార్ట్‌వాచీ గుర్తుంది. అది మాటిమాటికీ వెలుగుతుంటే చెయ్యి బల్ల కిందికి దించుకునేవాడు. నేను గట్టి బేరానికే సిద్ధపడి వెళ్లాను. చెప్పిన మొదటి ధరకే సరేనన్నాడు. సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కలిగింది.

అనుమానం నా వృత్తి. ఇన్సూరెన్సు కంపెనీలో మోటారు క్లెయిములు చూస్తాను. సెకండ్ హ్యాండ్ కారు కొని, పాలసీ తన పేరుకు మార్పించుకోకుండా ఎక్కడో గుద్దుకుని వచ్చేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. అమ్మకం జరిగిన 14 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ఎదుటివాడికి తగిలిన దెబ్బకు పాలసీ పలుకుతుంది గానీ, సొంత బండికి జరిగిన నష్టానికి పలకదు. "డబ్బులిచ్చి కొన్నా కద సార్, బండి నాదే కద" అంటారు. బండి మీదే, పాలసీ మీది కాదు అని చెప్పడం నా ఉద్యోగం. కొందరు అరుస్తారు. కొందరు నిలబడిన చోటే కూర్చుండిపోతారు. రెండో రకం వాళ్లే ఇంటికి వెళ్లాక కూడా గుర్తొస్తారు.

అందుకే ఆ రోజు వాచీ కంటే ముందు కార్డు చూశాను. తీరా పుస్తకం చదివితే ఈ లోకంలో పద్ధతే వేరు. వారంటీ మనిషికి కాదు, వాచీకి. కొన్న తేదీ, అమ్మిన అధీకృత డీలరు ముద్ర, వాచీ మీద చెక్కిన సీరియల్ నంబరు, ఈ మూడూ సరిగ్గా ఉన్న కార్డు తెచ్చిన వాళ్లకు రిపేరు చేసిపెడతారు. ఎన్ని చేతులు మారిందో వాళ్లకు అక్కర్లేదు. గడువు మాత్రం మొదటి కొనుగోలు నుంచి లెక్క. అప్పట్లో ఈ కంపెనీ ఇచ్చేది రెండేళ్లు. కంపెనీ పేరు చెప్పను. చెబితే ఇదంతా దాని గురించే అనుకుంటారు.

నా చేతిలో ఉన్న కార్డు మీద ముద్ర ఉంది, నంబరు ఉంది. తేదీ రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

"పెళ్లి టైంలో కొన్నది సార్. షాపువాళ్లు హడావిడిలో మర్చిపోయి ఉంటారు. బిల్లుంది, చూసి పంపిస్తా" అన్నాడు. పెళ్లి అన్న మాట దగ్గర గొంతు కాస్త తగ్గింది. నేను తరిచి అడగలేదు. ఆఫీసులో అయితే అలాంటి ఫైలును అక్కడే ఆపేస్తాను. కానీ అప్పటికే వాచీ నా చేతికి ఉంది, నీలం డయల్ మీద కిటికీలోంచి ఎండ పడుతోంది. "పెట్టుకున్నన్నాళ్లూ ఒక్కసారి కూడా ఆగలేదు సార్" అన్నాడు లేస్తూ. ఆ మాట అమ్మేవాళ్లందరూ అనేదే అనుకున్నాను.

కొత్తది మూడు లక్షల పైమాటే. నేను ఇచ్చింది లక్షా నలభై ఐదు వేలు. ఇంట్లో చెప్పిన అంకె వేరు.

అంత మోజు ఎందుకని ఇప్పుడు అడిగితే సరైన జవాబు లేదు. నలభై నాలుగేళ్లకు ప్రమోషన్ వచ్చింది. మీటింగుల్లో ఎదురుగా కూర్చునే వాళ్ల మణికట్ల వైపు చూడటం అలవాటైంది. కొన్న కొత్తలో చొక్కా చేతులు ఒక మడత ఎక్కువే మడిచేవాణ్ని. దానికీ ముందు, చిన్నప్పుడు, మా నాన్న వాచీ ఉంది. ఆయనకు అత్తవారు పెట్టిన హెచ్‌ఎంటీ జనతా. పొద్దున్నే రేడియోలో వార్తలకు ముందు వచ్చే పిప్ పిప్ చప్పుళ్లకు ముల్లు సరిచేసి కీ ఇచ్చేవాడు. నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టడం ఆ కాలంలో మర్యాద కింద చెల్లిపోయేది. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలైందీ అదే ఏడాది. చట్టం కంటే వాచీలే ఎక్కువ ఇళ్లకు చేరాయి. నాన్న పోయాక ఆ వాచీ అన్నయ్య తీసుకున్నాడు. అడిగితే నాకే ఇచ్చేవాడేమో, అడగలేదు.

కొత్త వాచీతో గొడవ డిసెంబరులో మొదలైంది. రాత్రి తీసి పెడితే తెల్లారేసరికి ఆగిపోయేది. ఆటోమేటిక్ వాచీకి బ్యాటరీ ఉండదు. లోపల అర్ధచంద్రం ఆకారంలో రోటరు ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది అటూ ఇటూ ఊగి స్ప్రింగును బిగిస్తుంది. పూర్తిగా బిగిస్తే తీసి పక్కన పెట్టినా దాదాపు 70 గంటలు నడవాలని పుస్తకంలో ఉంది. నాది ఏడెనిమిది గంటలకే చేతులెత్తేస్తోంది.

సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక సందులో ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. మెట్ల కింద గాజు డబ్బా లాంటి దుకాణం, పైన రెపరెపలాడే ట్యూబులైటు, కిరోసిన్ వాసన. అది కిరోసిన్ కాదు, పెట్రోలేమో. ఏదో శుభ్రం చేసే ద్రవం. ఆయన వెనకటికి హైదరాబాద్ ఆల్విన్‌లో వాచీలు బిగించేవాడు. మా తరం వాళ్లకు ఆల్విన్ అంటే ఫ్రిజ్. కానీ 80ల్లో సీకోతో చేయి కలిపి వాచీలు కూడా చేసింది. కాలేజీ కుర్రాళ్ల చేతులకు ట్రెండీ వాచీలు నేను చూశాను. కంపెనీ చితికిపోయాక చేతికొచ్చిన పని ఇదొక్కటే అన్నాడు. అదేదో పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పాడు.

వాచీని ముందు చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి దాని పక్కన ఉంచాడు. ముల్లు కదల్లేదు. "మ్యాగ్నెట్ పట్టలే. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల పక్కన పెడితే పడ్తది, అప్పుడు ఉరుకుతది. ఇది ఉరుకుతలేదు, ఆగుతుంది." తలకాయ విప్పి చేత్తో ముప్ఫై చుట్లు కీ ఇచ్చాడు. "ఇట్ల పెట్టుండి, రెండ్రోజులు చెయ్యికి పెట్టకు, చూడు." చూశాను. ఆపకుండా రెండు రోజులకు పైనే నడిచింది. తిరిగి వెళ్తే నవ్వాడు. "స్ప్రింగు మంచిగుంది. కీ ఇస్తే నడుస్తది, చెయ్యికి పెడితే నింపుకోదు. రోటరు ఎటు తిరిగినా స్ప్రింగును ఒక్క దిక్కే చుట్టేటందుకు లోపల రెండు చిన్న చక్రాలుంటయి. అవి పట్టుకుంటలేవు."

తీసి చూడమన్నాను. రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. "కార్డుందా? ఉంటే నేను మూత ముట్ట. నా పనిముట్టు గీత పడ్డదంటే వాళ్లకు గదే చాలు, నీ వారంటీ ఖతం." పైసా తీసుకోలేదు. ఆయన చెప్పినదాన్లో ఒక్క అక్షరం తప్పు లేదని తర్వాత తేలింది.

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక బంజారాహిల్స్‌లో కంపెనీ కౌంటరులో ఇచ్చాను. తెల్ల గ్లౌజులు వేసుకున్న అమ్మాయి. వాచీని నల్ల బట్ట మీద పెట్టి, ఎక్కడెక్కడ గీతలున్నాయో ఒక్కొక్కటీ రాసుకుంది. మేం గ్యారేజీలో కారు సర్వే చేసినట్టే. "మీది రోజంతా కూర్చుని చేసే పనా సార్?" అనడిగింది. అవునన్నాను. "కొంతమందికి చెయ్యి చాలినంత కదలదు సార్, అందుకని ఆగుతుంది." పక్కనున్న మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ ఉంది. "ఇంట్లో కూడా అంతే అమ్మా" అంది. ముసలాయన చెప్పింది అప్పజెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా విని, ముంబైకి పంపిస్తామంది. రసీదు మీద తేదీ వేయించుకున్నాను. పెళ్లి 2018 ఫిబ్రవరిలో అని ఆ అబ్బాయి అప్పుడే చెప్పి ఉన్నాడు. అంటే గడువు ఇంకా నెల లోపే ఉంది. మా లెక్కలో నష్టం జరిగిన తేదీ, తెలియజేసిన తేదీ పాలసీ లోపల ఉంటే చాలు. కాగితాలు తర్వాతైనా తేవచ్చు.

ఫిబ్రవరిలో, మేడారం జాతర బస్సులు ఇంకా తిరుగుతున్న రోజుల్లో, ఉత్తరం వచ్చింది. కార్డులో కొనుగోలు తేదీ లేనందున అసంపూర్ణం. అసలు బిల్లు సమర్పిస్తే వారంటీ వర్తిస్తుంది. లేనిపక్షంలో మరమ్మతు ఖర్చు 62 వేలు, పన్ను అదనం. చివర విచారం వ్యక్తం చేశారు. ఎన్నో ఏళ్లుగా నేను రాస్తున్న ఉత్తరమే అది. ఎక్కడ విచారించాలో కూడా అదే చోటు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే రాస్తాను.

అబ్బాయికి ఫోన్ చేశాను. బిల్లు సంగతి ఎత్తగానే నిశ్శబ్దం. "అది నా దగ్గర లేదు సార్. కొన్నది మా... కొన్నది అమ్మాయి వాళ్ల నాన్నగారు. ఆయన దగ్గరే ఉంటుంది." మీరు అడగలేరా అన్నాను. అడగకూడని ప్రశ్నని ఆ వెంటనే అర్థమైంది. కాసేపటికి ఒక నంబరు పంపాడు. కింద ఒక వాక్యం: దయచేసి నా పేరు చెప్పకండి.

పేరు చెప్పకుండా ఎలా? పరిచయం లేని వాళ్లకు ఫోన్ చేసి ఇబ్బందైన విషయాలు అడగడం నాకు అలవాటే. ప్రమాదం జరిగినప్పుడు బండి ఎవరు నడుపుతున్నారు, తాగి ఉన్నారా, ఇలాంటివి. ఈ ఫోనుకు మాత్రం రెండు రోజులు వెనకాడాను. ఆయన ఎత్తి విషయమంతా విని, మొదట అడిగింది, "మీరు వాళ్ల లాయరు తరఫున మాట్లాడుతున్నరా?" కాదన్నాను. వాచీ నేను కొనుక్కున్నానని, నడవడం లేదని, తమరి పేరు మీదున్న బిల్లు ఉంటే బాగవుతుందని చెప్పాను. "నడుస్తలేదా" అన్నాడు. తర్వాత, "కాగితం ఉంది. పోస్టుల పంపియ్య. వచ్చి తీస్కపోండ్రి."

ఆదివారం మిర్యాలగూడ వెళ్లాను. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలి, నల్లగొండ మీదుగా. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి నాట్లు పచ్చగా ఉన్నాయి. ఊరు దగ్గర పడుతుంటే మిల్లుల్లోంచి ఉడికించిన వడ్ల వాసన. కారు అద్దాలు ఎత్తినా లోపలికి వస్తుంది. ఆయనకూ ఒక మిల్లులో వాటా ఉంది. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతికి వాచీ లేదు. నేను ఎలాంటి మనిషినో తేల్చుకోవడానికి ముందు మంచినీళ్లు, తర్వాత టీ, తర్వాత మా ఊరు, మా ఇంటిపేరు. అంతా అయ్యాక లోపలికి వెళ్లి ఒక నీలం ఫైలు తెచ్చాడు.

పెళ్లి ఖర్చుల ఫైలు అది. ఫంక్షన్ హాలు రసీదు, బంగారం బిల్లులు, వంటవాళ్ల లెక్క, బట్టల షాపు చీటీలు. వాటి మీద టైపు కొట్టిన ఒక జాబితా. వకీలు తయారు చేసింది. వరుసన అంకెలు, వాటి పక్కన వస్తువులు. వాచీ ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. దాని ఎదురుగా వరుడు డిమాండు చేయగా ఇచ్చినది అని ఉంది. నేను చదివేశానని ఆయనకు తెలిసిపోయింది.

"ఆ పిలగాడు అడగలే సారూ" అన్నాడు. "నేనే పెట్టిన. మా వియ్యంకునికి చూపెట్టాలె గదా. హైదరాబాద్ పోయి, పెద్ద షాపుల, ఏసీల కూసొని కొన్న. కొన్నప్పుడు ఆడు రానే రాలే. ఎంత పెట్టినవని కూడ అడగలే." కాస్త ఆగి, "వకీలు అట్ల రాస్తెనే కేసు నిలవడ్తదన్నడు. రాయమన్న."

కేసు తర్వాత పెద్దమనుషుల్లో రాజీ అయింది. బంగారం వెనక్కి వచ్చింది. వాచీ సంగతి ఎవరూ ఎత్తలేదట. అడిగితే చిన్నతనం, ఇస్తే చిన్నతనం అన్నట్టుగా అది ఆ అబ్బాయి దగ్గరే ఉండిపోయింది. ఇద్దరి ఇష్టంతో వేసిన విడాకుల దరఖాస్తు మీద కోర్టులో ఇంకో తేదీ మిగిలి ఉందన్నాడు. ఎందుకు చెడిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. సర్వేయరుకు కారణం కావాలి, నాకు బిల్లు చాలు.

బిల్లు ఎంతకీ కనపడలేదు. ఆయన ఫైలంతా రెండోసారి తిప్పుతుంటే లోపలి నుంచి అమ్మాయి వచ్చింది. ఆమె ఇంట్లో ఉందని నాకు తెలియదు, తెలిస్తే వచ్చేవాణ్ని కాదేమో. ముఖం గుర్తులేదు. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఉండటం, తండ్రి చేతిలోంచి ఫైలు తీసుకుని రెండు నిమిషాల్లో కాగితం బయటికి లాగడం గుర్తుంది. బంగారం బిల్లు వెనక అంటుకుని ఉంది.

"ఏమైంది దానికి?" అంది నన్ను. రాత్రి తీసి పెడితే పొద్దున్నకి ఆగిపోతోందన్నాను.

"అది మొదటి నుంచీ అంతే." నిలబడే చెప్పింది. "తను శుక్రవారం సాయంత్రం తీసి పెట్టేవాడు, మళ్లీ సోమవారమే. డెబ్బై గంటలు నడవాలని బుక్కులో ఉంది, శనివారం పొద్దున్నకే ఆగేది. నేను సోమవారం లేచి కీ ఇచ్చి, టైం కలిపి పెట్టేదాన్ని. మామూలు రోజుల్లో కూడా పొద్దున్నే ఒక ఇరవై చుట్లు." తర్వాత కొంచెం అధికారంతో, "తేదీ మాత్రం రాత్రి తొమ్మిదికీ మూడుకీ మధ్య మార్చకండి. లోపల పళ్లు విరుగుతాయి" అంది.

షాపులో చూపించలేదా అన్నాను. "ఎవరికీ చెప్పలేదు. పెళ్లికి పెట్టిన వాచీ ఆగిపోతోందంటే బాగుండదని." తండ్రి ఆమె వైపు చూశాడు. ఆయనకీ ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. ఆమె ఖాళీ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చే దారిలో నార్కట్‌పల్లి దగ్గరో చిట్యాల దగ్గరో భోజనానికి ఆగాను. ఎక్కడో గుర్తులేదు. కాఫీ షాపులో ఆ అబ్బాయి లేస్తూ అన్న మాటే చెవిలో తిరుగుతోంది. ఒక్కసారి కూడా ఆగలేదన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అతనికి ఫోన్ చేసి చెబుదామా అని ఒకసారి అనిపించింది. ఏమని చెబుతాను? వాళ్ల విషయంలో నాకు హక్కున్నది ఒక కాగితం మీదే. ఈ రోజు వరకూ చెప్పలేదు.

బిల్లు మార్చి మొదటి వారంలో ముంబై చేరింది. వారంటీ వర్తిస్తుందని జవాబు కూడా త్వరగానే వచ్చింది. ముసలాయన చెప్పిన ఆ రెండు చక్రాలే. స్విట్జర్లాండు నుంచి రావాలన్నారు. ఆ తర్వాత 22న జనతా కర్ఫ్యూ, సాయంత్రం ఐదింటికి మా అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో పళ్లేల మోత, 25 నుంచి లాక్‌డౌన్. ముంబైలో సర్వీసు సెంటరు మూతపడింది. అక్కడ స్విట్జర్లాండులో పేరున్న ఫ్యాక్టరీలు కూడా మూశారని పేపర్లో చదివాను. నా వాచీ మూత తీసి ఉందో, వేసి ఉందో తెలియదు. ఆ దిగుల్లో వాచీ గురించి దిగులు పడటానికి సిగ్గేసేది, పడేవాణ్ని.

మాది కొంపల్లి. నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబరు హైవే మా వీధి చివరే. ఏప్రిల్, మే నెలల్లో ఆ రోడ్డు మీద మూటలు నెత్తిన పెట్టుకుని మనుషులు నడుస్తూనే ఉన్నారు. మా కాలనీ వాళ్లం కొన్నాళ్లు మజ్జిగ, పులిహోర పొట్లాలు ఇచ్చాం. ఒకతను పొట్లం తీసుకుని, టైమెంతయిందని హిందీలో అడిగాడు. అలవాటుగా మణికట్టు తిప్పి చూసుకున్నాను. అక్కడ వాచీ తీసిన చోట తెల్లటి పట్టీలా చర్మం ఉంది, అంతే. జేబులో ఫోన్ వెతుక్కునేలోగా అతను కదిలిపోయాడు. అతనికి నిజంగా టైముతో పనుందా, మాట కలపడానికి అడిగాడా, తెలియదు.

అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హైదరాబాద్ మునిగింది. టోలీచౌకి నదీమ్ కాలనీలో కార్లు తేలాయి. మా ఆఫీసుకు ఊపిరి సలపలేదు. నీళ్లలో మునిగిన కారుకు పాలసీ వర్తిస్తుంది. కానీ ఇంజిన్‌లోకి నీళ్లు పోయిన తర్వాత తాళం తిప్పి స్టార్ట్ చేసి ఇంజిన్ పాడు చేసుకుంటే, దానికి విడిగా కవరు తీసుకుని ఉండకపోతే, వర్తించదు. "చూద్దామని ఒక్కసారి తిప్పాను సార్" అని ప్రతివాడూ ఉన్నదున్నట్టు చెప్పేసేవాడు. అలాంటి ఒక యార్డులో, సీట్ల మీద బురద మేట వేసి కుళ్లిన వాసన వస్తున్న కార్ల మధ్య నిలబడి ఉండగా బంజారాహిల్స్ నుంచి ఫోన్ వచ్చింది. మీ వాచీ వచ్చింది సార్.

వెంటనే వెళ్లలేకపోయాను. వెళ్లేసరికి బతుకమ్మ పండుగ అయిపోయింది. అదే అమ్మాయి, ఈసారి గ్లౌజులకు తోడు మాస్కు. చక్రాలు మార్చారు, రబ్బరు వాషర్లు మార్చారు, నీటి పీడనం పరీక్ష చేశారు, రోజుకు మూడు సెకన్లు ముందుకు వెళ్తుందని ముద్ర కొట్టిన చీటీ ఇచ్చారు. పాలిష్ వద్దని రసీదు మీద రాయించాను కాబట్టి గీతలన్నీ అలాగే ఉన్నాయి. చెల్లించవలసినది అన్న చోట సున్నా. అసలు బిల్లు కూడా ప్లాస్టిక్ కవరులో తిరిగిచ్చారు.

మోండా సందుకు వెళ్లి ముసలాయనకు చెబుదామనుకున్నాను. దుకాణం మూసి ఉంది. పక్కనున్న పువ్వులమ్మే ఆమె, లాక్‌డౌన్ నుంచి తెరవలేదంది. ఏమైందో ఆమెకూ తెలియదు.

మిర్యాలగూడకు ఫోన్ చేసి, బిల్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తానన్నాను. "నడుస్తుందా?" అన్నాడు. నడుస్తోందన్నాను. "కీ ఇయ్యకుండనే?" ఇవ్వకుండానే అన్నాను. పెద్దగా ఊపిరి వదిలాడు. "ఆ కాగితం నాకెందుకు సారూ, మీ కాడనే పెట్టుకోండ్రి. రేపు మీరు ఇంకొకలకు అమ్మితే ఆళ్లు అడుగుతరు గదా." వ్యాపారం తెలిసిన మనిషి.

అన్నట్టే అయింది. 2022 మొదట్లో ఖరీదైన వాచీల సెకండ్ హ్యాండ్ ధరలు బాగా ఎగబాకాయి. తెలిసినాయన ద్వారా ఒకతను మా ఇంటికే వచ్చాడు. నేను ఇచ్చినదాని మీద నలభై వేలు ఎక్కువ ఇస్తానన్నాడు. ఆ డబ్బుతో వంటింట్లో చేయించాల్సిన పనుల గురించి మా ఆవిడ అప్పటికే చెప్పి ఉంది. అతను పెట్టె తీశాడు, కార్డు చూశాడు, సర్వీసు చీటీ చూశాడు. ఫుల్ సెట్టే అని మెచ్చుకున్నాడు. బిల్లు మీది పేరు చూసి, "మీ బంధువులా?" అన్నాడు. కాదు, మొదట వాడిన అబ్బాయికి మామగారు అన్నాను. మరి ఆ అబ్బాయి ఎందుకు అమ్మాడన్నాడు. చెప్పాను. వాచీని బల్ల మీద పెట్టేశాడు.

"మా చెల్లెలి పెళ్లికి, బావకు పెడదామని చూస్తున్నా సార్. విడాకులైన వాచీ అంటే ఇంట్లో ఒప్పుకోరు." మళ్లీ తీసి చేతికి పెట్టుకుని చూసుకున్నాడు. "ఒక ఇరవై తగ్గించండి. సెంటిమెంటు గదా, వాళ్లకు చెప్పనులే."

వారంటీ అయిపోయిందనో, గీతలున్నాయనో అడిగి ఉంటే తగ్గించేవాణ్ని. దీనికి తగ్గించనన్నాను. అతను టీ తాగకుండానే లేచాడు. వంటింటి పనులు ఆ ఏడాదికి వాయిదా పడ్డాయి. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటుంది.